బ్రేకులు మేసే కారు

ఆ ఇంటి కారు పెట్రోలు తాగుతుంది, అందులో వింతేం లేదు. బ్రేకు ప్యాడ్లు మేస్తుంది, అదీ వింత. అందరి కార్లకీ రెండేళ్ళో మూడేళ్ళో వచ్చే ప్యాడ్లు దీనికి నాలుగైదు నెలలు వస్తే గొప్ప. వేసిన జత వేసినట్టే అరగదీసి, మళ్ళీ కీచుమంటూ కూర్చుంటుంది. వెనకాల ఎర్రలైట్ల బల్బుల సంగతి సరేసరి, మార్చినవి మార్చినట్టే మాడిపోతాయి. ఇదేం రోగమయ్యా అని మెకానిక్కుని అడిగితే అతగాడు అత్తగారి ముఖంలోకి ఒకసారి చూసి, "కారుకేం రోగం లేదమ్మా, నడిపే మనిషిని మార్చండి" అన్నాడు.

అంతే, అత్తగారికి అరికాలిమంట నెత్తికెక్కింది. "నన్ను మారుస్తావా? ముందు నువ్వు నీ నోరు మార్చుకో!" అని తాళం లాక్కుని, విప్పిన చక్రం మళ్ళీ బిగించేదాకా అక్కడే నిలబడి, కారు తోలుకుని ఇంటికొచ్చేసింది. ఆ మెకానిక్కు షాపు ఉన్న వీధిలోంచి వెళ్ళటం కూడా ఆనాటితో మానేసింది.

అత్తగారంటే అల్లాటప్పా మనిషి కాదు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళకీ, పిల్లలకీ, నాటకాల వాళ్ళకీ బట్టలు కుట్టే దర్జీ. పదిహేనో ఏట కాలిమిషను ఎక్కింది, ఇప్పటికీ దిగలేదు. మోటారు పెట్టించుకోమని కొడుకు ఎన్నిసార్లు పోరినా, "మోటారు కుట్టిన గౌనుకి నా పేరెందుకురా?" అంటుంది. మామగారు పోయాక, తోటివాళ్ళంతా మోకాళ్ళ నొప్పులకి మందులు వెతుక్కునే వయసులో, ఆవిడ డ్రైవింగు నేర్చుకుంది. గేర్లు మార్చే బాధ లేని చిన్న కారు కొనుక్కుంది. కుట్టిన బట్టలు వెనక సీట్లో దొంతరగా పేర్చుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని బయల్దేరిందంటే దారిన పోయేవాళ్ళు కాస్త పక్కకి తప్పుకుని మరీ చూసేవాళ్ళు.

కోడలిది ఇంకో రకం పిచ్చి. ఆఫీసులకి వెళ్ళి జిరాక్సు మిషన్లు బాగుచేయటం ఆ పిల్ల ఉద్యోగం. ఏదైనా చప్పుడు చేసిందంటే దాన్ని విప్పి చూడందే అన్నం సహించదు. పెళ్ళయి వచ్చిన వారానికే ఇంట్లో గోడగడియారం విప్పేసింది. బాగుచేసే పెట్టిందనుకోండి, కానీ అప్పట్నుంచి అత్తగారు ఆమెని "స్క్రూడ్రైవరూ" అని పిలవటం మొదలుపెట్టింది. మిషను లోపలి రోలరు అరుగుదల చూసి, ఆ ఆఫీసులో కాగితాలు ఎవరు వంకరగా తోస్తారో, ఎవరు మూత దబ్బున వేస్తారో చెప్పేస్తుంది. అరుగుదల అబద్ధం చెప్పదని ఆ పిల్ల నమ్మకం.

అయితే స్క్రూడ్రైవరుకి కారు నడపటం రాదు. విప్పటం మీదున్న సరదా తోలటం మీద లేదు. అందుకని రోజూ పొద్దున్నే అత్తగారే ఆమెని పక్కన ఎక్కించుకుని ఏ ఆఫీసుకి కావాలంటే ఆ ఆఫీసు దగ్గర దింపి, ఆ తర్వాత తన బట్టలు ఇచ్చిరావటానికి వెళ్ళేది. ఆ ప్రయాణం మీద ఇద్దరికీ ప్రాణం. ఇంట్లో కొడుకుంటాడు, కొలతలివ్వటానికి వచ్చేవాళ్ళుంటారు, కుక్కరు కూతలుంటాయి, మాట సాగదు. కార్లో ఎక్కి తలుపు వేసుకున్నారంటే ఇక ఎవరి మీద ఎవరు ఏం చెప్పినా ఆ నాలుగు తలుపుల మధ్యే ఉండేది. ఇంట్లో వాళ్ళు అత్తాకోడళ్ళు, కార్లో మటుకు స్నేహితురాళ్ళు.

ఈ సంబడం ఇలా సాగుతుండగా ఒకరోజు నీళ్ళట్యాంకు వాలు దిగుతున్నప్పుడు ముందు చక్రాల దగ్గర్నుంచి మాడువాసన వచ్చింది. వెనువెంటనే బ్రేకు పెడలు పిండిలో దిగినట్టు మెత్తగా లోపలికి పోయింది. కారు ఆగలేదు. అత్తగారు "అమ్మాయ్, గట్టిగా పట్టుకో!" అని అరిచి చేతిబ్రేకు లాగింది. కారు రోడ్డు వారనున్న ఇసకకుప్పలోకి ముక్కు దూర్చి నిలిచింది. ఇద్దరికీ ఏం కాలేదు. కానీ చాలాసేపు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

కొడుకుది బీమా కంపెనీలో ఉద్యోగం. గుద్దుకున్న కార్లు చూసి, ఎంత నలిగిందో ఎందుకు నలిగిందో రాసుకురావటం అతని పని. పొద్దస్తమానం నుజ్జయిన కార్లు చూసేవాడికి బాగున్న కారు చూసినా నుజ్జయినట్టే కనపడుతుంది పాపం. ఆ రాత్రి అన్నాల దగ్గర అతను కంచంలో వేలు తిప్పుతూ, "అమ్మా, కారు అమ్మేద్దాం. మా ఆఫీసులో ఒకాయన అడుగుతున్నాడు" అన్నాడు.

"కారుకి జబ్బు చేస్తే కారుకి వైద్యం చేయించాలి. నన్నెందుకురా మంచాన పడేస్తావ్?"

"కారుకి జబ్బో, నడిపే..." అని ఆగిపోయాడు.

"అను. ఆ మెకానిక్కు అన్న మాటే నువ్వూ అను, కడుపున పుట్టినవాడివి!"

కోడలు మధ్యలో దూరింది. "ఆదివారం నేను విప్పి చూస్తాను. ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా కొత్తవి వేసేద్దాం. పాతవి ఎలా అరిగాయో చూస్తే తప్పెవరిదో తెలిసిపోతుంది."

"తెలిశాక?" అన్నాడు అతను.

"తప్పు కారుదైతే అది అత్తయ్యగారి దగ్గరే ఉంటుంది. మళ్ళీ అమ్మే మాట ఎత్తకూడదు."

"అమ్మదైతే?"

కోడలు మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. అత్తగారే కంచం పక్కకి జరిపి, "నాదైతే తాళం నీ చేతిలో పెడతాను. నాది కాదు కాబట్టి చెబుతున్నా" అంది.

ఆదివారం పొద్దున కోడలు ఇంటి పక్క రేకుల షెడ్డులో పని మొదలుపెట్టింది. వెనక చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు అడ్డం పెట్టింది. చక్రాలు నేల మీద ఉండగానే నట్లు వదులు చేసి, జాకీతో ముందు భాగం ఎత్తి, రెండు పక్కలా గట్టి స్టాండ్లు పెట్టి, కారుని భుజంతో ఒకసారి తోసి చూసింది. కదల్లేదు. అప్పుడు గాని చక్రం విప్పలేదు. అత్తగారు తన కత్తెరల డబ్బా మీద కూర్చుని, పాత గుడ్డల్ని పీలికలు చేసి అందిస్తూ, పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు ఆ చక్రం లోపలికి చూస్తోంది.

"ఇదేనా బ్రేకంటే?"

"ఇదే అత్తయ్యా. ఈ పెద్ద పళ్ళెం ఉందే, ఇది డిస్కు. చక్రంతో పాటు తిరుగుతుంది. దీన్ని రెండు వైపులా రెండు ప్యాడ్లు పట్టుకుంటాయి. మీరు పెడలు తొక్కితే ఆయిలు వచ్చి ఈ పిస్టన్ని తోస్తుంది, పిస్టను ప్యాడ్లని తోస్తుంది. అప్పడాన్ని రెండువేళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుని ఆపేస్తాయి."

"ఓస్, ఇంతేనా! దీనికా అంత హడావిడి!"

డిస్కుని చూసి కోడలు మాత్రం ఈల వేసినంత పని చేసింది. అంచు మీద మెట్టులా లేచింది, మధ్యలో లోతుగా తినేసింది. అక్కడక్కడా నీలం మచ్చలు. బాగా కాలిన ఇనుముకి వచ్చే నీలం అది. ఇంత వేడెక్కటానికి కారణం ఏమై ఉంటుంది? ఆమె మనసులో ఒకటే ఆశ. ప్యాడ్లని పట్టుకునే క్యాలిపరు జారటానికి లోపల రెండు పిన్నులుంటాయి. అవి తుప్పు పట్టి బిగిసిపోతే, తొక్కటం మానేసినా ప్యాడు డిస్కుని వదలదు. అప్పుడు ఒక ప్యాడు అరిగి, దాని జంట అరక్కుండా మిగులుతుంది. తప్పు కారుదే అని తేలిపోతుంది. 'దేవుడా, బిగిసి ఉండాలి, బిగిసి ఉండాలి' అనుకుంటూ బోల్టులు విప్పింది. ఆయిలు గొట్టం మీద బరువు పడకుండా క్యాలిపర్ని తీగతో పైకి కట్టి, పిన్ను పట్టుకుని లాగింది.

వెన్నలో కత్తిలా వచ్చింది. రెండోదీ అంతే. ప్యాడ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కవల పిల్లల్లా ఒకేలా అరిగాయి. అటు పక్క చక్రం విప్పితే అక్కడా అదే తంతు. నాలుగు ప్యాడ్లూ నాలుగు అట్టముక్కలైపోయాయి, ఒకదానికి ఒకటి వీసమంత తేడా లేదు. ఇది బిగుసుకుపోయిన కారు అరుగుదల కాదు. ఎవరో తొక్కీ తొక్కీ అరగదీసిన అరుగుదల.

అప్పుడే కొడుకు టీ కప్పులు పట్టుకుని వచ్చాడు. "ఏం తేలింది?"

"ఇంకా తేలలేదు" అంది కోడలు, తల ఎత్తకుండా.

తేలలేదన్నది సగం నిజమే. అత్తగారు ఆపుతూ ఆపుతూ నడిపే మనిషి కాదు. రోజూ పక్కన కూర్చునేది తనేగా? మలుపుల్లో మెల్లగా, రద్దీలో ఓపిగ్గా, ముచ్చటగా నడుపుతుంది. కుదుపన్నది ఉండదు. అంత నెమ్మదస్తురాలి చేతిలో డిస్కులు నీలం తిరగటమేమిటి? ఎటు చూసినా లెక్క కుదరటం లేదు. ఆమెకి దిగులుతో పాటు లోపల్లోపల ఒక తీట కూడా మొదలైంది. రెండింట్లో ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు.

సరే, పని ఆగదుగా. పాత డిస్కు తుప్పుతో అతుక్కుపోతే సుత్తితో చుట్టూ తట్టి ఊడదీసింది. కింద తుప్పంతా బ్రష్షుతో రుద్ది, కొత్త డిస్కుకి పూసి ఉన్న నూనె తుడిచి ఎక్కించింది. ఊగకుండా దాన్ని రెండు నట్లతో పట్టి ఉంచింది. బయటికి వచ్చేసిన పిస్టన్ని క్లాంపుతో మెల్లగా లోపలికి నొక్కి, కొత్త ప్యాడ్లు కూర్చి, బోల్టులు బిగించింది. రెండు పక్కలా అయ్యేసరికి మోచేతుల దాకా మసి.

"అత్తయ్యా, మీరు కార్లో ఎక్కండి. పిస్టన్లు వెనక్కి నొక్కాను కదా, పెడలు మొదట మెత్తగా ఉంటుంది. గట్టిపడేదాకా మెల్లగా తొక్కుతూ ఉండండి. గేరు న్యూట్రల్లో పెట్టాను, దాన్ని ముట్టుకోకండి."

అత్తగారు చీర కుచ్చిళ్ళు సర్దుకుని సింహాసనం ఎక్కినట్టు ఎక్కింది. నొక్కింది, నొక్కింది. "గట్టిపడింది అమ్మాయ్. రాయిలా ఉంది."

"ఇక వదిలేయండి."

కోడలు కొత్త డిస్కుని చేత్తో తిప్పింది. సుతారంగా తిరిగింది. ఆ తిరుగుడు చూసి ముచ్చటపడి, ఊరికే తిప్పుతూ కూర్చుంది. అత్తగారికి ఊరికే కూర్చోవటం చేతకాదు. స్టీరింగు మీద చేతులు వేసుకుని కబుర్లలోకి దిగింది. "నాటకాల కంపెనీలో రాజు వేషం అతను లేడూ, పోయిన నెల కొలతలిచ్చి వెళ్ళాడు. అంగీ కుట్టాను. నిన్న వేసుకుని చూస్తే బొత్తాలు పట్టవే! 'ఏమయ్యా, నెలలో రాజ్యం ఇంత విస్తరించావేమిటి' అన్నాను..."

కోడలి చేతిలో డిస్కు ఆగిపోయింది.

తిప్పింది. గరగరమంటూ కొంచెం కదిలి మళ్ళీ ఆగింది. ఎవరో అటు పక్క నుంచి పట్టుకున్నట్టే ఉంది. ఆమె గుండె ఎగిరి గంతేసింది. "దొరికింది! అత్తయ్యా, దొరికింది! క్యాలిపరు వదలటం లేదు! దిగి రండి, చూపిస్తా!"

ఆ కేకకి కొడుకూ వచ్చాడు. అత్తగారు దిగి, వంగి చూసింది. కోడలు డిస్కు తిప్పింది. గిర్రున తిరిగింది.

"ఏదీ?" అన్నాడు కొడుకు.

"ఇప్పుడే బిగిసింది! నా చేత్తో పట్టుకుని చూశాను!"

"నీకు ఎండదెబ్బ తగిలింది."

"ఉండండి. అత్తయ్యా, మళ్ళీ ఎక్కి కూర్చోండి. పెడలు ఒకసారి తొక్కి వదిలేయండి."

తొక్కింది, వదిలింది. డిస్కు తిరిగింది. కోడలి ముఖం వాడిపోయింది. అత్తగారు ఆ ముఖం చూసి ఓదార్చబోయి, "పోనీలేవే. ఇంతకీ ఆ రాజుగారు ఏమన్నాడో తెలుసా..." అని అందుకుంది. రాజుగారు ఇంకా నోరు విప్పకముందే డిస్కు బిగిసింది.

"ఇదిగో! పట్టుకోండి, మీరే పట్టుకోండి!"

కొడుకు రెండో పక్క డిస్కు పట్టుకుని తిప్పబోయాడు. రాలేదు. చొక్కా చేతులు మడిచి మళ్ళీ తిప్పాడు. రాలేదు. "అరె, నిజమే!" అన్నాడు. అతని ముఖం ఒక్కసారిగా తేటపడింది. అమ్మని గెలవాలని అతనికి మాత్రం ఉందా ఏమిటి? "అయితే కారుదే తప్పన్నమాట. అమ్మా, విన్నావా? నువ్వే గెలిచావ్. ఆ క్యాలిపర్లు కూడా మార్చిపారేద్దాం. మా ఆఫీసాయనకి లేదని చెప్పేస్తాలే."

"చెప్పలేదూ నేను!" అంది అత్తగారు సీట్లోంచి. ఆ గొంతులో సంతోషం షెడ్డు రేకులకి తగిలి మోగింది.

అక్కడితో ఊరుకుంటే కథ కంచికి వెళ్ళిపోయేది. కోడలు కోరుకున్నది కోరుకున్నట్టు చేతిలో పడింది. కానీ ఆ పిల్లకి ఒక పురుగుంది, అది తొలిచిందంటే నిద్రపోనివ్వదు. బిగిసిన క్యాలిపరైతే ఎప్పుడూ బిగిసే ఉండాలి. ఒక పక్కది పాడైతే ఒక పక్కే బిగియాలి. ఇదేమిటి, అత్తగారు ఎక్కితే బిగుస్తుంది, దిగితే వదులుతుంది? అందునా తొక్కి వదిలినప్పుడు కాదు, రాజుగారి కబురు మొదలైనప్పుడు? ఇనుముకి కబుర్లేమిటి?

చూడొద్దు, చూడొద్దు అని మనసు చెబుతూనే ఉంది. ఆమె లేచి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళి, కిందకి వంగి చూసింది.

కింద రెండు పెడళ్ళు. గేర్లు లేని కారు కాబట్టి ఆ రెండూ కుడికాలి సొత్తే, ఎడమకాలికి ఏ పనీ లేదు. అది పక్కన ఊరికే పడి ఉండాలి. అత్తగారి కుడిపాదం యాక్సిలరేటరు మీద ఉంది. ఎడమపాదం బ్రేకు మీద ఉంది. రెండూ ఆనీ ఆనక, ఒకదాని మడమ లేస్తే ఒకదాని వేళ్ళు దిగుతూ, చిన్నగా ఊగుతున్నాయి. ఆ ఊపు కోడలికి బాగా తెలుసు. ముందుగదిలో కిటికీ పక్కన, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, కాలిమిషను పలక మీద ఆ రెండు పాదాలూ అలాగే ఊగుతుంటాయి. చేతులు ఒక చక్రం మీద పెట్టి నోరు కబుర్లలో పడిందంటే, కాళ్ళు రెండూ కలిసి వాటి పని అవి చేసుకుపోతాయి.

పక్కన కూర్చున్న ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా కిందకి చూడలేదు. చూసేదంతా ఆవిడ ముఖంలోకే. వెనక ఎర్రబల్బులు ఎందుకు మాడుతున్నాయో, నీళ్ళట్యాంకు వాలులో మాడువాసన ఎందుకొచ్చిందో అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. అర్థమైన మరుక్షణం ఆమెకి ఏడుపొచ్చింది.

చెప్పకపోతే ఏం? మొగుడు ఒప్పుకున్నాడు, అత్తగారు పొంగిపోతోంది. రేపు పొద్దున మళ్ళీ ఇద్దరూ కార్లో ఎక్కి తలుపు వేసుకోవచ్చు. కాలి సంగతి తర్వాత చాటుగా, మెల్లగా చెప్పుకోవచ్చు. కానీ ఆ వాలు తను చాటుగా చెప్పేదాకా ఆగుతుందా? ఇసకకుప్ప ప్రతిసారీ అక్కడే ఉంటుందా?

"అత్తయ్యా" అంది. "కాళ్ళు కదపకండి. అలాగే ఉంచి ఒక్కసారి కిందకి చూడండి."

అత్తగారు చూసింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. తర్వాత ఎడమపాదాన్ని, పిల్లి తోక తొక్కినట్టు, చటుక్కున వెనక్కి లాక్కుంది.

"అదిగో, వదిలేసింది!" అని అవతల నుంచి కొడుకు డిస్కు తిప్పుతూ అరిచాడు.

ఎవరూ నవ్వలేదు. అత్తగారు కారు దిగి, కత్తెరల డబ్బా మీద కూలబడింది. "నేను తొక్కలేదే అమ్మాయ్. ఒట్టు. నాకు తెలిసి తొక్కలేదు" అంది.

"తెలుసు అత్తయ్యా."

"ఆ మెకానిక్కుని అన్ని మాటలన్నాను. కన్నకొడుకుని అన్నాను. నా కాలు నా కిందే ఉండి నాకు తెలియకుండా..." అని ఆగి, కోడలి మసి చేతిని తన చేతిలోకి తీసుకుంది. "నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ వాలు దిగానే! నీకేమన్నా అయితే నేను బతికేదాన్నా?"

కొడుక్కి ఏం చేయాలో తోచలేదు. గెలిచింది తనే, కానీ ఆ గెలుపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా పానాలన్నీ ఏరి డబ్బాలో పెడుతున్నాడు. "పోనీలే అమ్మా, తెలిసిందిగా. మానుకోవచ్చు" అని గొణిగాడు. అత్తగారు లేచి, కారులోంచి తాళం తీసుకొచ్చి అతని జేబులో వేసింది. "మాటంటే మాటే" అని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ముందుగదిలోంచి మిషను చప్పుడు రాలేదు.

రెండ్రోజులు ఇల్లు చావు జరిగిన ఇల్లులా ఉంది. కోడలు బస్సెక్కి ఆఫీసులకి వెళ్ళింది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళతో ఏం మాట్లాడుతుంది? కిటికీలోంచి చూస్తూ, ఎందుకు వంగి చూశానా అని తనని తాను తిట్టుకుంది. చూడకుండా ఉండేదాన్నా అని కూడా అనుకుంది. రెండూ నిజమే.

మూడోనాడు పొద్దున అత్తగారు కొడుకు ముందు చెయ్యి చాపింది. "తాళం ఇవ్వు. ఎక్కడికీ ఊరేగను. నా కాలితో నాకు కొంచెం మాట్లాడేది ఉంది."

"నేనూ వస్తా" అన్నాడు కొడుకు.

"రా. చేతిబ్రేకు మీద చెయ్యి వేసుకుని కూర్చో."

"నేనూ వస్తానత్తయ్యా" అని కోడలు చెప్పుల్లో కాళ్ళు పెట్టబోయింది.

"నువ్వు ఎక్కొద్దు" అంది అత్తగారు. అంత కరుకుగా ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు. "నేను ఎక్కమనేదాకా నువ్వు ఆ కారెక్కొద్దు."

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే తల్లీ కొడుకూ గోదాముల వెనక ఖాళీ రోడ్డుకి వెళ్ళేవాళ్ళు. కొత్త ప్యాడ్లు కొత్త డిస్కులకి కుదురుకోవాలంటే మెల్లగా నడుపుతూ, మెత్తగా ఆపుతూ, మళ్ళీ చల్లారనిస్తూ పోవాలని కోడలు చెప్పి పంపింది. ప్యాడ్లు రెండ్రోజుల్లో కుదురుకున్నాయి. కాలు కుదురుకోలేదు. వచ్చాక కొడుకు వంటింట్లో నవ్వుకుంటూ చెప్పేవాడు. "ఆ ఎడమకాలికి పేరు పెట్టి మరీ తిడుతోంది. 'ఓసి దొంగదానా, మళ్ళీ వచ్చావా' అంటుంది. ఒకరోజు దాన్ని మడిచి సీటు మీద పెట్టుకుని నడిపింది. తిమ్మిరెక్కి దిగలేక, నేను ఎత్తుకోవాల్సి వచ్చింది."

దిగగానే అత్తగారు ముందు చక్రాల దగ్గర వంగి, పిల్లల నుదురు చూసినట్టు చేతి వెనకపక్కతో తాకి చూసేది. వేడిగా ఉంటే మూతి బిగించుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఇంకొన్నాళ్ళకి కొడుకే, "అమ్మ బాగా నడుపుతోంది, ఇక నేను అక్కర్లేదు" అని తాళం ఇచ్చేశాడు. ఆఫీసాయన ఇంకో కారు చూసుకున్నాడు. అయినా అత్తగారు మాత్రం, "బాగా అనటానికి నీదేం పోయింది, నువ్వు కొడుకువి. నా లెక్క నాకుంది" అనేది. బట్టలు ఇచ్చిరావటానికి ఒక్కతే వెళ్ళేది. కోడలు ఏం అడగలేదు. అడిగితే మళ్ళీ 'ఎక్కొద్దు' అని వినాల్సి వస్తుందని భయం.

ఒకరోజు పొద్దున బస్టాపులో కోడలు పనిముట్ల సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. బస్సు ఎంతకీ రాలేదు. జనం పెరిగారు. ఆ జనం ముందుకి, కీచుమన్న చప్పుడైనా లేకుండా, ఒక చిన్న కారు వచ్చి ఆగింది. అద్దం దిగింది.

"ఏమే స్క్రూడ్రైవరూ, ఎక్కమంటే ఎక్కుతావా?"

కోడలు అద్దం దగ్గరికి వంగింది. "ఎక్కమంటున్నారా?"

"ముందు చక్రం పట్టుకుని చూడు. ఊరంతా తిరిగి వస్తున్నాను. వేడిగా ఉంటే ఆ బస్సే ఎక్కు."

బస్టాపు జనమంతా చూస్తుండగా కోడలు సంచి కింద పెట్టి, వంగి, ముందు చక్రం మీద చెయ్యి వేసింది. టీ తాగేసిన గ్లాసుకి మిగిలే వేడి మాత్రం ఉంది, అంతే. అటు పక్కకి వెళ్ళి ఆ చక్రమూ చూసింది. "ఏమైందమ్మా, పంక్చరా?" అని ఎవరో పెద్దమనిషి అడిగాడు. "జ్వరం తగ్గిందండీ" అంది అత్తగారు లోపల్నుంచి.

కోడలు తలుపు తీసింది. ఈసారి ముఖంలోకి చూడలేదు, ముందు కిందకే చూసింది. అత్తగారి ఎడమపాదం పెడళ్ళకి దూరంగా, ఇంట్లో వేసుకునే పాత చెప్పులో ఉంది. ఆ చెప్పు కింద పరిచిన పట్టాకి గట్టి నూలుతో, చుట్టూ రెండు వరసల కుట్టుతో కుట్టేసి ఉంది. పట్టా జరగకుండా దాని నాలుగు మూలలూ కింద తివాచీకి కుట్టేసి ఉన్నాయి. ఎంత అవసరమొచ్చినా ఆ పాదం చెప్పులోంచి బయటికి రావాలంటే మనిషి చూసి, పనిగట్టుకుని తీయాలి. అది తనంతట తను దొంగతనంగా రాలేదు.

"ఇన్నేళ్ళూ పని చేయించుకుని, ఇప్పుడు ఊరికే కూర్చోమంటే ఎక్కడ కూర్చుంటుంది పాపం? దానికీ ఒక చోటు ఉండాలిగా" అంది అత్తగారు. "అందుకే ఇల్లు కుట్టి ఇచ్చాను. ఎక్కు, వెనక బస్సు వాడు హారను కొడుతున్నాడు."

కోడలు ఎక్కి తలుపు వేసుకుంది. కళ్ళు తుడుచుకోబోతే చేతికంటిన చక్రం మసి చెంపకి అయింది. అత్తగారు చూసి కూడా చెప్పలేదు. మొదటి మలుపు దాకా ఇద్దరూ నోరు విప్పలేదు. మలుపు తిరిగాక ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు, ఎవరి మాట ఎవరికీ వినపడలేదు.